ఛోటీ వెనక పదకొండు అడుగులు

ఆ రోజుల్లో నాకు అసూయ అనేది లేదనే నా గట్టి నమ్మకం. నాలో ఉన్నది న్యాయబుద్ధి అనుకునేదాన్ని. పక్కవాళ్లకి ఏదైనా మంచి జరిగినప్పుడల్లా 'ఇది ముందు నాకు జరగాలి కదా' అని కడుపులో ఒక ప్రశ్న లేచేది. ఆ ప్రశ్నకి అసూయ అని పేరు పెట్టడానికి మనసొప్పేది కాదు. పెళ్లయి, పాప పుట్టి, ఆ పాపకి పక్కింటి పిల్ల కంటే ఒక పన్ను ఆలస్యంగా వచ్చినందుకు మూడు రాత్రులు నిద్రపోని తరవాత ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. నాది అచ్చమైన అసూయే, మొదటి నుంచీ ఉన్నదే. అది ఒకసారి ఆఫీసులో, అందరి ముందూ, గోడ మీది టీవీలో పెద్ద పెద్ద అక్షరాలతో బయటపడింది. పాప ఇప్పుడే పడుకుంది (ఊపిరి తీస్తోందో లేదో రెండుసార్లు చూసి వచ్చాను). అది లేచేలోగా ఆ కథ రాసేస్తాను.

కాలేజీ అయిన కొత్తల్లో, నేను పుట్టిపెరిగిన హిందీ ఊళ్లోనే, సీతారాండేరా అనే పేటలో ఒక టైర్ల కొట్టు మేడ మీది ఆఫీసులో చేరాను. లారీలు తూచే కాటాలకి ప్రోగ్రాములు రాసే ఆఫీసు అది. లారీ ఖాళీగా ఒకసారి కాటా ఎక్కుతుంది, సరుకుతో మరోసారి ఎక్కుతుంది, రెంటికీ తేడా కట్టి చీటీ అచ్చువెయ్యాలి. అంతే మా విద్య. యజమానిని అందరం కాటా సార్ అనేవాళ్లం. ఆయన బల్ల మీద వాళ్ల నాన్నగారి కిరాణా కొట్టు నాటి ఇనప తక్కెడ ఒకటి ఉండేది. ఆఫీసులో ఏ తగువొచ్చినా శనివారం మధ్యాహ్నం దాని ముందుకి రావాల్సిందే. ఒక పళ్లెం ఒకరిది, రెండో పళ్లెం ఇంకొకరిది. మిగతావాళ్లు తలా ఒక వేరుసెనగకాయ తమకి నచ్చిన పళ్లెంలో వేసేవారు. (కాయల బరువుకి ఆ తక్కెడ ఏనాడూ కదిలిన పాపాన పోలేదు. చివరికి కాయలు లెక్కపెట్టుకునేవాళ్లం. అయినా తూచకుండా ఆయన ఏ మాటా తేల్చేవారు కాదు.) తేలిన తరవాత ఓడినవాళ్ల పళ్లెంలోని కాయలు సార్ వొలుచుకుని తినేవారు.

మొదటి ఏడాదంతా అక్కడ ఆడపిల్లని నేనొక్కదాన్నే. ఎవరు ఏ కమాండ్ మరిచిపోయినా నా కుర్చీ దగ్గరికే వచ్చేవారు. ఆ కుర్చీ కిటికీ పక్కన ఉండేది, నాకది సింహాసనంలా ఉండేది. ఆ తరవాత ఆ అమ్మాయి వచ్చింది. టాటానగర్ రైల్వే క్వార్టర్స్ పిల్ల, వాళ్ల నాన్న గూడ్స్ బండి గార్డు. నాకంటే ఎనిమిది నెలలు చిన్నది. మొదటి రోజే సార్ మా ఇద్దరినీ చూసి, "ఇంక గొడవ లేదు, నువ్వు బడీ, ఈమె ఛోటీ" అనేశారు. ఎనిమిది నెలల తేడాకి నేను పెద్దదాన్నైపోయాను. ఆ పిల్ల వెంటనే చేతులు జోడించి "దీదీ, నాకేటీ రాదు, మీరే నేర్పాలి" అంది. నేర్పాను కూడా. రెండు నెలలు తిరక్కుండా, కమాండ్ మరిచిపోయినవాళ్లు నా కుర్చీ దాటుకుని ఆ పిల్ల కుర్చీ దగ్గర ఆగడం మొదలుపెట్టారు.

అదీ సరిపెట్టుకునేదాన్నేమో. కానీ ఒక ఆదివారం ఆ పిల్ల, నేను ఆఫీసులో మరిచిపోయిన టిఫిన్ డబ్బా పట్టుకుని మా ఇంటికొచ్చింది. మా అమ్మ తలుపు తీసి అలవాటు కొద్దీ తెలుగులోనే "ఎవరమ్మా నువ్వు?" అంది. మా ఇంట్లో అమ్మ తెలుగులో అడగడం, నేను హిందీలో జవాబివ్వడం ఇరవై ఏళ్లుగా నడుస్తున్న పద్ధతి. ఆ పిల్ల మాత్రం, "అమ్మా, నేను దీదీ ఆఫీసులో చేత్తన్నాను. మాది ఇచ్ఛాపురం కాడండి. మీదేటి?" అంది. అంతే. అమ్మ మొహం వెలిగిపోయింది.

"రా తల్లీ, కూకో! ఏటి తింతావు? ఇదిగో, ఈ పిల్ల కూడా ఈ ఊళ్లో పుట్టిందే కదే, ఎంత శుభ్రంగా మాటాడతాదో చూడు. నీ నోట్లో ఏటుంది, హిందీ రేడియోనా?"

"మమ్మీ, ప్లీజ్ యార్," అన్నాను నేను. (హిందీ రేడియో కాస్తా ఇంగ్లీషు వార్తలకి మారింది.)

ఆ రోజు మా అమ్మ నాకోసం దాచిన అరిసెలు ఆ పిల్లకి డబ్బాలో పెట్టి పంపింది. మర్నాటి నుంచి నేను ఛోటీని గమనించడం మొదలుపెట్టాను. గమనించడం అంటే ఎలాగో చెప్పాలంటే మా పని పద్ధతి కొంచెం చెప్పాలి.

ప్రోగ్రాం అంతా ఒక పెద్ద నోటుపుస్తకం అనుకోండి. దాన్ని అందరూ ఒకేసారి దిద్దితే చిందరవందర అయిపోతుంది. అందుకని ఒక్కొక్కరం ఒక్కో నకలు పెట్టుకుని అందులో రాసుకుంటాం. ఆ నకలుని బ్రాంచి అంటారు. ప్రతి బ్రాంచికీ 'నువ్వు ఫలానా బ్రాంచి వెనక నడువు' అని చెప్పి ఉంచవచ్చు. చెప్పి ఉంచితే, అక్కడ చేసినవీ నీ దగ్గర లేనివీ ఎన్ని మార్పులున్నాయో సాఫ్ట్‌వేరే చెబుతుంది. ఒక్కో మార్పునీ సార్ ఒక అడుగు అనేవారు. మా అందరి బ్రాంచీలూ ఆఫీసు అసలు బ్రాంచి వెనక నడవాలని నియమం. నా బ్రాంచి పేరు బడీ, ఆ పిల్లది ఛోటీ. నేనేం చేశానంటే, ఒక సోమవారం పొద్దున్న ఎవరూ రాకముందే, నా బ్రాంచిని అసలు బ్రాంచి వెనక నుంచి తప్పించి ఛోటీ వెనక కట్టేశాను. ఒక్క లైను పని. ఆ పిల్ల రోజూ ఎంత రాస్తోందో, ఏం రాస్తోందో చూడాలని, అంతే. న్యాయబుద్ధితోనే.

ఆ తరవాత నా ప్రతి ఉదయమూ ఒకేలా మొదలయ్యేది. కంప్యూటర్ తెరవగానే 'మీరు రెండు అడుగులు వెనకబడి ఉన్నారు' అని పడేది. టీ తాగి వచ్చేసరికి మూడు. ఛోటీకి జ్వరమొచ్చి రాని రోజున అంకె కదలకపోతే నాకు ఎంత హాయిగా ఉండేదో చెప్పుకోడానికి సిగ్గేస్తోంది. (చెప్పేశాను.) ఆ పిల్ల రాసింది బాగుండేది, అదీ బాధ. ఒకే లారీ రోజుకి రెండుసార్లు వస్తే మా ప్రోగ్రాం పొద్దుటి ఖాళీ బరువే పట్టుకుని కూర్చునేది. ఆ తప్పుని ఛోటీ ఆరు లైన్లలో దిద్దింది. నేను దాని మీద రెండు వారాలు కూర్చుని వదిలేసిన తప్పు అది.

ఇలా ఉండగా పర్సుడీహ్‌లో ఒక పెద్ద గోదాం వాళ్ల కాటా పని వచ్చింది. అప్పటిదాకా మేము చేసినవాటిలో అదే పెద్దది. అక్కడికి బాధ్యురాలిగా ఎవరో ఒకరిని పంపాలి. అదే వారం సార్‌కి ఒక చిరాకు పుట్టింది. మా అసలు బ్రాంచికి ఆయన పెట్టిన పేరు ఏళ్ల తరబడి పెరిగి పెరిగి 'కాంటా–నయా–ఫైనల్–పక్కా–ఫైనల్–దో' దగ్గర ఆగింది. ఇంటికెళ్లే ముందు ప్రతివాళ్లూ తమ పనిని దానితో పోల్చి చూసుకోవాలని నియమం. ప్రతిసారీ ఆ పేరంతా కొట్టాలి, ఒక అక్షరం తప్పితే మళ్లీ మొదటికి. అందుకని 'నేను ఎవరి వెనక నడుస్తున్నానో ఆ బ్రాంచి' అని చెప్పడానికి ఒక పొట్టి గుర్తు ఎంచుకుందామని, దాన్ని ఈ పోల్చి చూసే ప్రోగ్రాంలో, అంటే మా పనిముట్టులో, కలుపుతామని సార్ ప్రకటించారు. ఆ పైన ఒక మాట అన్నారు. (ఆయన హిందీలోనే అన్నారు, నేను తెలుగులో రాస్తున్నాను.) "అందరి వేళ్లకీ శ్రమ తప్పించే గుర్తు ఎవరు తెస్తే, పర్సుడీహ్ పని వాళ్లకే."

నేను ఛోటీ వైపు చూడలేదు. చూడకుండానే ఆ పిల్ల నవ్వుతోందని తెలిసింది.

ఛోటీ తెచ్చిన గుర్తు ఒక్క అక్షరమే. శాతం గుర్తు. కాగితం మీద పెద్దగా గీసి సార్‌కి చూపించింది. "చూడండి సార్, మధ్యలో కాడ, అటొక పళ్లెం, ఇటొక పళ్లెం. మన తరాజూ." సార్ ఆ కాగితాన్ని ఎత్తి పట్టుకుని ఒకసారి దాన్నీ ఒకసారి తక్కెడనీ చూశారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయని నేను ప్రమాణం చేసి చెప్పగలను. నేను నా కాగితం మడిచి చేతి కింద దాచాను. నా గుర్తులో అక్షరాలు నాలుగు. ఒక ఎట్ గుర్తు, ఒక ఫ్లవర్ బ్రాకెట్ తెరవడం, లోపల చిన్న యు, మళ్లీ బ్రాకెట్ మూయడం. (నా సొంత బుర్ర కాదు. బయట కొందరు అలాగే వాడతారని ఎక్కడో చదివి తెచ్చాను. ఆఫీసులో ఆ సంగతి చెప్పలేదు.) దాంట్లో తక్కెడా లేదు, కన్నీళ్లూ లేవు. చూడటానికి కంచె లోపల కట్టేసిన మేకలా ఉంది.

కానీ రెండు రోజులు ఆలోచిస్తే ఒకటి తోచింది. మా ప్రోగ్రాంలో శాతం గుర్తు ముందే ఉంది. బొగ్గు లారీల చీటీల్లో తేమ ఇంత శాతమని రాస్తాం కదా. పనిముట్టు ఆ రెంటినీ కలగలిపేసుకుంటుంది. పరీక్షించి చూశాను, నిజంగానే కలిపేసుకుంది. ఆ రాత్రి పెళ్లి కుదిరినంత సంబరంగా పడుకున్నాను.

శనివారం మధ్యాహ్నం. తక్కెడ తుడిచి పెట్టారు, అందరి చేతుల్లో కాయలున్నాయి. ముందు నేను శాతం గుర్తుతో తేమ ఎలా తారుమారవుతుందో చూపించాను. సార్ మొహం చిన్నబోయింది. ఛోటీ మాత్రం "అవును దీదీ, ఇది నాకు తోచనే లేదు" అంది. (ఆ ఒప్పుకోలులో కూడా నాకు తప్పే కనిపించింది. ఎంత తొందరగా ఒప్పుకుందో చూడండి, పెద్ద మంచిది!) ఇక నా వంతు. నా కంప్యూటర్‌ని గోడ మీది టీవీకి తగిలించి, లేచి నిలబడి, చిన్న ఉపన్యాసం ఇచ్చాను. "ఈ గుర్తు ఎప్పుడూ తికమకపడదు. మీరు ఏ బ్రాంచి వెనక నడుస్తున్నారో ఉన్నదున్నట్టు చెబుతుంది. చూడండి." అని, ఆ నాలుగూ కొట్టి ఎంటర్ నొక్కాను.

టీవీలో 'కాంటా–నయా–ఫైనల్' అని మొదలయ్యే ఆ పొడుగు పేరు రావాలి. 'ఛోటీ' అని వచ్చింది. దాని కింద ఇంకో లైను. 'మీరు పదకొండు అడుగులు వెనకబడి ఉన్నారు.'

సీలింగ్ ఫ్యాను తిరుగుతోంది. కింద టైర్ల కొట్టులో ఎవరో టైరుకి గాలి కొడుతున్నారు. అన్ని వారాలు రోజూ చూసుకున్న అంకెని మరిచిపోయి, అందరి ముందూ నా చేత్తో నేనే తెర తీశాను. సార్ కళ్లజోడు సవరించుకుని టీవీ దగ్గరికి నడిచి వెళ్లి చదివారు.

"బడీ, తుమ్ ఛోటీ కే పీఛే క్యోం చల్ రహీ హో?" ఛోటీ వెనక ఎందుకు నడుస్తున్నావని. ఆయన నిజంగానే తెలియక అడిగారు. అందుకే జవాబు ఇంకా కష్టమైంది. నా నోట్లోంచి 'అంటే సార్...' అనే రెండు మాటలు వచ్చి, మూడోది రాలేదు.

అప్పుడు ఛోటీ లేచింది. "నేనే అలా పెట్టమన్నాను సార్. నాది కొత్త చెయ్యి కదా. దీదీ రోజూ నా పని చూసి తప్పులు చెబుతారు."

పచ్చి అబద్ధం. ఒక్క రోజు కూడా ఒక్క తప్పు చెప్పిన పాపాన పోలేదు నేను. సార్ నా వైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తే. గురువుగారిని చూసినట్టు చూశారు. "వాహ్ బడీ" అని, తన కాయ తానే తెచ్చి నా పళ్లెంలో వేశారు. మిగతావాళ్లూ వేశారు. చివరికి ఛోటీ కూడా తన కాయ నా పళ్లెంలోనే వేసింది. గుర్తు నాది గెలిచింది. పర్సుడీహ్ నాకొచ్చింది. గెలిచిన ఆ క్షణంలో నాకు కలిగింది కృతజ్ఞత కాదు. ఇంత పెద్ద మనసు ఆ పిల్లకి ఎవరిచ్చారు, నాకెందుకివ్వలేదు అని ఇంకా మండింది.

ఆ అబద్ధం నిలబడాలంటే నా బ్రాంచి ఛోటీ వెనకే ఉండాలి. అందుకని మార్చలేకపోయాను. ఆ వారం ఛోటీ వేరే పనిలో ఉంది కాబట్టి అంకె పదకొండు దగ్గరే ఆగింది, ఆ అడుగులు నా పనిలో కలుపుకోవడానికి ఒక్క కమాండ్ చాలు. కలుపుకోమని సార్ కూడా చెప్పారు. కానీ పర్సుడీహ్ నాది కదా, దాంట్లో ఆ పిల్ల రాసింది ఎందుకుండాలి? ఆ లారీ తప్పు నేనే నా పద్ధతిలో దిద్దుకుంటానని పంతం పట్టి, వారమంతా కూర్చుని, దిద్దేశాననే నమ్మకంతో బయల్దేరాను.

పొద్దున్న పది దాకా అంతా బాగుంది. పది తరవాత, ఉదయం వచ్చిన లారీలే రెండో ట్రిప్పుకి రావడం మొదలుపెట్టాయి. నా దిద్దుబాటు నిండు బరువునీ ఖాళీ బరువునీ తారుమారు చేసుకుంది, మొదటి లారీ చీటీలోనే సరుకు బరువు మైనస్‌లో వచ్చింది. డ్రైవర్ దాన్ని వెలుతురుకి పట్టుకుని చూసి, "మేడమ్‌జీ, నేను ఇనుము తెచ్చానా, గాలి తెచ్చానా?" అన్నాడు. వెనక లారీలు ఒకటీ రెండూ అయి, మార్కెట్ మలుపు దాకా పెరిగాయి. హారన్లు. గోదాం మేనేజరు పదే పదే గడియారం చూసుకుంటున్నాడు. ఇంకో అరగంటలో చీటీలు రాకపోతే పాత యంత్రమే పెట్టుకుంటామన్నాడు. ఫోను తీశాను. ఎవరికి చెయ్యాలో నాకు తెలుసు, అందుకే ఐదు నిమిషాలు చెయ్యలేదు. ఆరో నిమిషంలో చేశాను.

"ఛోటీ, ఆ రెండో ట్రిప్పు తప్పు..."

"వత్తన్నా దీదీ," అంది. అంతే. ఏమిటీ ఎలా అని కూడా అడగలేదు.

ఆ రోజు ఆ పిల్లకి సెలవు. టాటానగర్ క్వార్టర్స్ నుంచి పర్సుడీహ్ దగ్గరే. ఆటో లారీల వరసలో ఇరుక్కుపోతే దిగేసి, చున్నీ నడుముకి చుట్టుకుని, లారీల మధ్య నుంచి నడుచుకుంటూ వచ్చింది. వచ్చి నా కుర్చీ లాక్కుంటుందనుకున్నాను. లాక్కోలేదు. పక్కన నిలబడి, "మీ గుర్తే కొట్టండి దీదీ" అంది.

కలపమనే మాట కొట్టి, దాని పక్కన నా నాలుగు అక్షరాలూ కొట్టాను. పదకొండు అడుగులూ ఒక్కసారిగా వచ్చి నా పనిలో కూర్చున్నాయి. చీటీ మళ్లీ అచ్చువేస్తే ఇనుము ఇనుమైంది. డ్రైవర్ చీటీని నుదుటికి తాకించుకుని లారీ ఎక్కాడు.

మధ్యాహ్నం ఇద్దరం కాటా గది మెట్ల మీద కూర్చున్నాం. ఛోటీ తన డబ్బా తెరిచింది. మా అమ్మ ఇచ్చిన అరిసెలే! ("అమ్మగారు నిన్న మళ్లీ పంపారు," అంది. నాకు తెలియనే తెలియదు.) ఒకటి నా చేతిలో పెడుతుంటే అడిగేశాను.

"నేను నిన్ను చూస్తున్నానని నీకు ముందే తెలుసా?"

"తెలకేటి దీదీ. ఒకరోజు భోజనాల కాడ మీరు 'రెండో ట్రిప్పు తప్పు ఆరు లైన్లలో దిద్దొచ్చు' అన్నారు కదా. ఆ ఆరు లైన్లు నా బ్రాంచిలో తప్ప ఎక్కడా లేవు."

"మరి ఎందుకు ఊరుకున్నావు?"

ఆ పిల్ల అరిసె అంచు కొరికింది. "ఇంట్లో నేను ఏటి చేత్తన్నానో ఎవరికీ తెలీదు. నాన్న వారానికి నాలుగు రోజులు బండి మీదే. ఎవరో ఒకరు రోజూ నా పని చూత్తన్నారంటే... బాగా రాయాలనిపించింది. ఆ ఆరు లైన్లు ముందు ఇరవై ఉండేవి. మీరు చూత్తారు కదా అని మూడుసార్లు తిరగరాశాను."

నేను డబ్బాలో మిగిలిన పెద్ద అరిసె తీసి ఆ పిల్ల చేతిలో పెట్టాను. ఇంకేమైనా చెప్పడానికి తెలుగులో మాటలు లేవు అప్పటికి నా దగ్గర. ఆ సాయంత్రం ఇంటికెళ్లి మొదటిసారి అమ్మకి తెలుగులో జవాబిచ్చాను. అమ్మ నుదురు పట్టుకుని చూసింది, జ్వరమొచ్చిందేమోనని. తరవాత పట్టుబట్టి రాయడం కూడా నేర్చుకున్నాను. కారణం ప్రేమ అని చెప్పాలని ఉంది. ఛోటీకి రాయడం వచ్చని తెలియడమే అసలు కారణం. మీరు చదువుతున్న ఈ అక్షరాలన్నీ ఆ పుణ్యమే.

ఇప్పుడు ఛోటీ, నేనూ వేరువేరు చోట్ల పని చేస్తున్నాం, ఉన్నది మాత్రం ఈ ఊళ్లోనే. ఆ పిల్లకి ఒక బాబు. మా పాప కంటే రెండు నెలలు చిన్న. (ఈసారైనా పెద్దరికం నాకు దక్కిందనుకున్నాను.) ఇందాక ఫోనులో వాడి వీడియో పంపింది. గోడ వదిలేసి నడుస్తున్నాడు. మా పాపకి పద్నాలుగో నెల, ఇంకా మంచం కోడు వదలదు. డాక్టరు కంగారేమీ లేదన్నారు, మా అమ్మ కూడా అదే అంది. నేను మాత్రం ఆ వీడియోని ఎన్నిసార్లు చూశానో అడక్కండి. మొదటిసారి చూసినప్పుడు బాబు నవ్వు కూడా చూడలేదు, అడుగులే లెక్కపెట్టాను. ఏడు. ఎనిమిదోది అడుగు కాదు, పడటం. ఎనిమిదోది పడటమని ఖాయం చేసుకోవడానికే మళ్లీ మళ్లీ చూశానని ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

'చాలా బాగా నడుస్తున్నాడు' అని జవాబు పెట్టాను. అక్కడితో ఆపకుండా, 'మా పాప ఇంకా నడవడం లేదు, భయంగా ఉంది' అని కూడా రాసేశాను. అలాంటి మాట ఆ పిల్లకి నేను పంపడం ఇదే మొదటిసారి.

వెంటనే వచ్చింది: 'రేపు వత్తన్నా దీదీ. బాబుని తెత్తాను. పాప వాడి వెనకాల నడుత్తాది, చూడండి.'

టీవీ ముందు నిలబడి బిక్కమొహం వేసిన ఆనాటి నన్ను నేను ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తోంది, కొంచెం జాలి కూడా వేస్తోంది. నేను పెద్దగా మారాననీ చెప్పలేను. నా తలలో ఇప్పటికీ ఎవరైనా ఆ నాలుగు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కితే ఏ పేరు వస్తుందో నాకు తెలుసు. కాకపోతే ఈ మధ్య ఆ పేరు కింద పడే అంకె చూడ్డం మానేశాను. (ఏడు. సరే, ఇంకా పూర్తిగా మానలేదు.)